ఒకప్పుడు

ఏలీయా సాక్ష్యం పాలెంలో అందరికీ నోటికి వచ్చు. గోలీలాడుకునే పిల్లలు ఆట మీద విసుగొస్తే గొంతు తగ్గించి, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "ఒకప్పుడు నేను తాగుబోతునండి" అని మొదలుపెట్టేవాళ్లు. పెద్దవాళ్లు కసిరేవాళ్లు గానీ వాళ్లకీ లోపల నవ్వొచ్చేది. చిలకలపూడి వైపు, బందరు చివర ఉన్న ఆ చిన్న చర్చిలో ఏలీయా లేచి నిలబడి ఆ మాట అంటే తప్ప ఆదివారం వచ్చినట్టు ఉండేది కాదు.

ఆ సాక్ష్యంలో అన్నీ నిజాలే, ఒక్క మొదటి మాట తప్ప. ఆ సంగతి ఆ చర్చిలో ఒక్క మనిషికే తెలుసు. ఆడవాళ్ల వైపు, చాప మీద ముందు వరసలో కూర్చునే అతని భార్య సౌభాగ్యమ్మకి.

అలాగని ఏలీయా దొంగ కాడు. నిజంగానే మానేశాడు. ఒక వానాకాలం, ఆ తర్వాత ఒక చలికాలం చుక్క ముట్టుకోలేదు. ఆ రోజుల్లోనే పాస్టరు దయానందం అయ్యగారు అతన్ని లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. విన్నవాళ్లు ఏడ్చారు. అతనూ ఏడ్చాడు. మరుసటి ఆదివారం మళ్లీ చెప్పమన్నారు. బంటుమిల్లి పిలిచారు, అవనిగడ్డ పిలిచారు. మళ్లీ తాగడం ఎప్పుడు మొదలైందో అడిగితే అతనే చెప్పలేడు. మొదలైందని తెలిసేసరికి మాత్రం సాక్ష్యం చెప్పడం ఆపే వీలు లేకుండా పోయింది.

అప్పట్లో జిల్లా అంతా మద్యనిషేధం. నిషేధమంటే తాగేవాళ్లు లేరని కాదు, ఏది పడితే అది తాగేవాళ్లని. ఏలీయాకి ఆ వెతుక్కునే పని కూడా లేకపోయింది. బందరులో ఖుద్దూస్ సాయిబు కుర్చీలూ బల్లల కొట్టులో అతను పాలిష్ మేస్త్రీ. లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో చెక్కకి పూత మీద పూత రుద్దే పని. అతను రుద్దిన టేకు బల్ల మీద మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆ స్పిరిట్ సీసా పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా అతని మోకాలి పక్కనే ఉండేది. ఇక వాసన సంగతంటారా, పాలిష్ మేస్త్రీ దగ్గర స్పిరిట్ వాసన రాకపోతే అనుమానించాలి గానీ, వస్తే ఎవరు అనుమానిస్తారు?

సౌభాగ్యమ్మకి పట్టిచ్చింది ఉప్పు. జాడీలో ఉప్పు పోసింది పోసినట్టే తరిగిపోతుంటే పక్కింటి బుల్లెమ్మ తీసుకెళ్తోందనుకుంది. పాపం బుల్లెమ్మతో చాలా రోజులు మాట్లాడ్డం మానేసింది. ఒక సాయంత్రం పెరట్లోకి వెళ్తే, దడి పక్కన గొంతుక్కూర్చుని ఏలీయా పాలిష్ సీసాలో ఉప్పు వేసి ఊపుతున్నాడు. లక్క ముద్దగా అడుక్కి దిగింది. పైన తేరినదాన్ని తువ్వాలు అంచులోంచి గ్లాసులోకి వంపుకుంటున్నాడు. ఆవిడ వెనక నిలబడిందని తెలిసినా అతను ఆగలేదు. ముందు తాగేసి, తర్వాత తలొంచుకున్నాడు.

"అది లేకపోతే చేతులు నిలబడవు సౌభాగ్యం. చేతులు నిలబడకపోతే పూత నిలబడదు" అన్నాడు.

"అయ్యగారితో చెబుదామండి. ప్రార్థన చేస్తారు."

"ఏమని చెబుతావు? గంగరాజు నా సాక్ష్యం విని మానేశాడు. సూరయ్య మానేశాడు. వాళ్ల పెళ్లాలు నిన్ను చూస్తే చేతులెత్తి వందనాలంటారు. వాళ్లతో ఏమని చెబుతావు?"

పైగా అందులో ఇంకో సంగతుంది, అతను ఎత్తకపోయినా ఆవిడకి తెలుసు. మూడేళ్ల కిందటి వరకూ ఆవిడ పాలెంలో 'తాగుబోతు పెళ్లాం'. నీళ్ల రేవులో వంతు వచ్చినా పక్కకి నెట్టేవాళ్లు. ఇప్పుడు సౌభాగ్యమ్మ గారు. స్త్రీల కూటానికి పాట ఎత్తాలన్నా, ప్రార్థన ముగించాలన్నా ఆవిడే. ఆ 'గారు' నోటికి ఎంత తియ్యగా ఉంటుందో, పోతుందనుకున్నప్పుడు గొంతుకి అంత అడ్డం పడుతుంది. ఆవిడ నోరు మూసుకుంది. ఆ రోజుతో అతని గొలుసు రెండో కొస తన కాలికి తనే కట్టుకుంది.

ఏలీయా మానేద్దామని చూడకపోలేదు. ఒక గురువారం సీసా పగలగొట్టి, ఇక చచ్చినా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆదివారానికి చేతులు వణికిపోతున్నాయి, ఒళ్లంతా చెమట, కళ్లలోంచి ధారగా నీళ్లు. ఆ మనిషిని అయ్యగారు సాక్ష్యానికి పిలిచారు. అతను లేచి, గోడ పట్టుకుని, "ఒకప్పుడు" అనేసరికి దవడ కొట్టుకుని మాట రెండు ముక్కలైంది.

"ఆత్మ దిగింది, చూడండి. మన సహోదరుడి మీదికి ఆత్మ దిగింది" అన్నారు దయానందం గారు. ఆయన కళ్లలోనూ నీళ్లే. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు, ఆయన నిజంగా నమ్మారు. మనుషులు మోకాళ్ల మీద పడ్డారు. ఆడవాళ్లు కొంగులు మొహాన కప్పుకుని ఏడ్చారు. "స్తోత్రం" అని నలుమూలలా లేచింది. అందరూ తన వైపు చూస్తుంటే సౌభాగ్యమ్మ కూడా "స్తోత్రం" అంది. ఆ మాట అన్న నోరు ఆవిడకి ఆ పూటంతా చేదుగానే ఉంది.

ఇంటికొచ్చాక అతను చాప మీద ముడుచుకుని పడుకుని, గోడ మీద చీమలు పాకుతున్నాయి, తుడవమన్నాడు. గోడ మీద ఏమీ లేదు. ఆవిడ చూడలేకపోయింది. కొట్టుకి వెళ్లి, ఆయనకి ఒంట్లో బాగాలేదు, మిగిలిన కుర్చీ ఇంటి దగ్గరే పూర్తి చేస్తారట అని అబద్ధమాడి సీసాడు పాలిష్ పట్టుకొచ్చింది. తన చేత్తోనే ఉప్పు వేసింది. తన చేత్తోనే వడకట్టి నోటికందించింది. కాసేపటికి చీమలు పోయాయి.

అప్పట్నుంచీ అదే పద్ధతి. మెంతుల డబ్బా వెనక సీసా, ఆదివారం చర్చికి బయల్దేరే ముందు చిన్న గ్లాసుతో ఒక కొలత. ఎక్కువైతే మాట తడబడుతుంది, తక్కువైతే ఒళ్లు వణుకుతుంది. కూరలో ఉప్పు చూసుకున్నంత జాగ్రత్తగా ఆవిడ ఆ కొలత చూసుకునేది. భర్తకి చుక్క మాన్పించిన ఇల్లాలని ఊరు పొగుడుతుంటే, ఆ చుక్క పోసేది తనే.

ఆ ఏడాది ఎండాకాలం గుడివాడలో పెద్ద కూటాలు పెట్టారు. చుట్టుపక్కల సంఘాలన్నీ వస్తాయి. ఆదివారం మధ్యాహ్నం ఏలీయా సాక్ష్యం. ముందు రోజు సౌభాగ్యమ్మ కొట్టు మీదుగా వెళ్తుంటే ఖుద్దూస్ సాయిబు కేకేశాడు. గడ్డం నెరిసిన మనిషి, మాట తక్కువ.

"ఇలా రా చెల్లెమ్మా. కూర్చో."

"చెప్పండి సాయిబు గారూ."

ఆయన బల్ల మీది దుమ్ము తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. "మొన్న కొత్త స్పిరిట్ పీపా దింపించా. చవగ్గా వచ్చిందని తీసుకున్నా, బుద్ధి తక్కువై. వాసనే వేరుగా ఉంది. చెక్కకి పూయడానికైతే పనికొస్తుంది."

ఆవిడ మూల ఉన్న పీపా వైపు చూసింది.

"నాగాయలంకలో పడవలకి రంగులేసేవాడొకడు ఇలాంటిదే తాగాడు. మర్నాటిదాకా కులాసాగానే ఉన్నాడు. తర్వాత మంచు కమ్మినట్టు అంతా తెల్లగా ఉందన్నాడంట, మండుటెండలో. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారంట. సాయంత్రానికి చూపు పోయింది. మర్నాడు మనిషే పోయాడు."

"మా ఆయన మానేశారండి" అంది సౌభాగ్యమ్మ. ఆ మాట అలవాటు కొద్దీ దానంతటదే వచ్చేసింది.

ఖుద్దూస్ ఆవిడ మొహంలోకి చూడలేదు. "తెలుసు తల్లీ. చెప్పాలనిపించింది, చెప్పా" అన్నాడు.

ఇంటికెళ్లి మెంతుల డబ్బా వెనక సీసా తీసింది. ఇది పాత పీపాదా, కొత్త పీపాదా? మూత తీసి వాసన చూసింది. ఎప్పటిలాగే ఉన్నట్టుంది, లేనట్టూ ఉంది. భర్తని అడిగితే పాతదేనన్నాడు. ఏదన్నా పాతదేనంటాడని ఆవిడకి తెలుసు. పారబోయడానికి పెరట్లోకి వెళ్లి దడి పక్కన నిలబడింది. పారబోస్తే రేపు గుడివాడ పందిట్లో, అన్ని వందల మంది ముందు, అతను నిలువునా వణికి కూలిపోతాడు. పాతదే అయ్యుంటుంది, అనుకుంది. అనుకుని, మూత బిగించి లోపలికి తెచ్చేసింది. మర్నాడు రైలెక్కే ముందు ఎప్పటి కొలతే పోసింది.

గుడివాడ పందిరి కిక్కిరిసిపోయింది. తాటాకు పందిరి కింద ఎండ చుక్కలుగా రాలుతోంది. ఏలీయా రైల్లోనే తలనొప్పి అన్నాడు, దిగాక కడుపులో తిప్పుతోందన్నాడు. నిద్ర చాల్లేదేమో అనుకుంది ఆవిడ. అలా అనుకోవడం ఆవిడకి బాగా అలవాటైపోయింది. అతను వేదిక ఎక్కేటప్పుడు మెట్టు కోసం కాలితో వెతుక్కున్నాడు.

"ఒకప్పుడు నేను" అన్నాడు ఏలీయా, ఆగిపోయాడు. చెయ్యి ముందుకి చాపి గాలిని తడిమాడు. "అయ్యగారూ, అంతా తెల్లగా ఉందేంటండీ."

దయానందం గారు దగ్గరికొచ్చారు. "ఏం కనబడుతోంది ఏలీయా?"

"మనుషులు కనబడ్డం లేదండి. తెలుపు. అంతా తెలుపే."

ఆ తర్వాత లేచిన హోరుకి తాటాకులు అదిరాయి. దర్శనం, దర్శనం అంటున్నారు. వెనకవాళ్లు ముందుకి తోసుకొస్తున్నారు, అతని పంచె అంచు తాకాలని. "ఎవరూ కదిలించకండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉండనివ్వండి. అందరం ఉపవాసముండి దేవుడి కోసం కనిపెట్టుకుని ఉందాం" అని దయానందం గారు చెబుతున్నారు. పక్కన కూర్చున్న మంగతాయారు, గంగరాజు భార్య, సౌభాగ్యమ్మని వాటేసుకుని, "ఎంత ధన్యురాలివి వదినా" అని భోరుమంది.

సౌభాగ్యమ్మ చెవుల్లో నాగాయలంక పడవల రంగులవాడు తప్ప ఇంకేం లేదు. మండుటెండలో మంచు. సాయంత్రానికి చూపు, మర్నాటికి మనిషి. లేవాలనుకుంది, కాళ్లు రాలేదు. ఎందుకు రాలేదో ఆ తర్వాత ఎన్ని ఏళ్లయినా ఆవిడ ఎవరికీ చెప్పలేదు గానీ, కథ చెబుతున్నప్పుడు దాచి లాభం లేదు. ఇతను ఇలాగే పోతే భక్తుడిగా పోతాడు, అనిపించింది. నేను భక్తుడి భార్యగా మిగులుతాను. ఎవరికీ ఎప్పటికీ తెలీదు. ఆ ఆలోచన ఎంత సుఖంగా, ఎంత చల్లగా వచ్చి పక్కన కూర్చుందంటే, ఆవిడకి తన మీద తనకే భయమేసింది.

వేదిక మీద ఏలీయా అటూ ఇటూ తల తిప్పుతున్నాడు. హోరులో ఎవరికీ వినబడలేదు గానీ, పెదాల కదలిక ఆవిడకి తెలిసింది. "సౌభాగ్యం" అంటున్నాడు.

మంగతాయారు చేతులు విడిపించుకుని సౌభాగ్యమ్మ లేచింది. ఆడవాళ్ల వైపు దాటి, మగవాళ్ల మధ్యనుంచి, జరగండి జరగండి అంటూ వేదిక దగ్గరికి వెళ్లింది.

"అది దర్శనం కాదండి అయ్యగారూ. పాలిష్."

దయానందం గారికి అర్థం కాలేదు. "ఏంటమ్మా?"

"తాగే పాలిషండి. ఒకప్పుడు కాదు. నిన్న తాగారు, ఇవాళ తాగారు. పొద్దున నేనే పోశాను. విషం అది, ముందే నాకు చెప్పారు, అయినా పోశాను. ఇప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లకపోతే కళ్లు పోతాయి, మనిషి పోతాడు."

ముందు వరసల్లోంచి ఆ మాట వెనక్కి పాకింది. దయానందం గారి మొహంలో రక్తం లేదు. "అమ్మా, సాతాను నీ నోట పలుకుతున్నాడు. కూర్చో" అన్నారు. ఆజ్ఞలా అనలేదు, బతిమాలినట్టు అన్నారు.

ఏలీయా భార్య గొంతు వినబడ్డ వైపుకి తిరిగాడు. రెండు చేతులూ చాపాడు. "అది చెప్పింది నిజమండి. సౌభాగ్యం, నన్ను తీసుకుపో."

ఇందాక పంచె అంచు తాకడానికి తోసుకొచ్చినవాళ్లు దారి ఇస్తూ వెనక్కి జరిగారు. పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. ఒక్క గంగరాజే వచ్చాడు. ఏలీయాని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తి రిక్షా ఎక్కించాడు. వెనక ఎవరో ఆడమనిషి గట్టిగా ఉమ్మిన చప్పుడు సౌభాగ్యమ్మకి వినబడింది.

ఆసుపత్రి డాక్టరు పూర్ణచంద్రరావు గారు ఏం తాగాడని అడిగితే దాచకుండా చెప్పింది. అలా చెప్పేవాళ్లు ఆయనకి అరుదేమో, ఒకసారి తలెత్తి చూశారు. ఆ తర్వాత ఆయన తెప్పించిన మందు చూసి ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. బ్రాందీ. "ఆ విషానికి ఇదే విరుగుడమ్మా, ఈ రెండు రోజులే" అని, గంటగంటకీ ఇంతని కొలత గుర్తుపెట్టి, నర్సు చాలక ఆ గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చారు. సౌభాగ్యమ్మ ఏడుస్తూ పోసింది. జీవితంలో మొదటిసారి, అందరూ చూస్తుండగా పోసింది.

ప్రాణం నిలిచింది. చూపు సగమే నిలిచింది. ఎదురుగా ఉన్న మనిషి మొహం అతనికి మసగ్గా ఉంటుంది, పక్కన ఉన్నది కాస్త తెలుస్తుంది. ఆ తర్వాత బ్రాందీ ఆపేశాక అసలు నరకం మొదలైంది. చీమలు మళ్లీ వచ్చాయి, ఈసారి గోడ మీద కాదు, ఒంటి మీద. మంచానికి గుడ్డలతో కట్టాల్సి వచ్చింది. ఒక్క గుక్క, ఒక్కటంటే ఒక్కటి, అని కాళ్లు పట్టుకున్నాడు, బూతులు తిట్టాడు. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పోయడం కంటే పోయకపోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

"ఇది తగ్గిపోతుందాండీ?" అని డాక్టరు గారిని అడిగింది.

"వణుకు తగ్గుతుంది. ఈ జబ్బు మాత్రం పోయిందని ఎప్పుడూ అనుకోకండి. లోపలే ఉంటుంది. పోయిందని అనుకున్న రోజే మళ్లీ లేస్తుంది."

"మావాళ్లు దాన్ని పాపమంటారండి."

"అననివ్వండమ్మా. పేరేదైనా దాచిపెడితే ముదురుతుంది."

పాలెం తిరిగొచ్చాక వాళ్ల గడప ఎవరూ తొక్కలేదు. 'గారు' పోయింది, అనుకున్నట్టే. నీళ్ల రేవులో ఆవిడకి మళ్లీ ఆఖరి వంతు. చిత్రమేంటంటే అనుకున్నంత బాధ అనిపించలేదు, బిందె బరువు మాత్రం ఎప్పటంతే ఉంది. ఉప్పు కథ సౌభాగ్యమ్మ నోటే విన్న బుల్లెమ్మ ఒక్కతే దడి మీంచి ఉప్పు గిన్నె అందించి, "నీ ఇంట్లో దీనికి కరువు కదా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఖుద్దూస్ సాయిబు ఏలీయాని పాలిష్ వైపు రానివ్వలేదు. పక్క సందులో అరుగు మీద, స్పిరిట్ వాసన తగలని చోట కూర్చోబెట్టి, కుర్చీలకి పేము అల్లే పని చేతికిచ్చాడు. దానికి కళ్లతో పెద్ద పనిలేదు. గాలి ఇటు తిరిగిన రోజున మాత్రం ఏలీయా అల్లిక ఆపి, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఇంటికి నడిచి వచ్చేసేవాడు. వచ్చి భార్య పక్కన కూర్చునేవాడు.

ఒకరోజు మబ్బు పట్టిన వేళ గంగరాజు వచ్చి గుమ్మంలో చతికిలబడ్డాడు. చాలాసేపు నేల మీద పుల్లతో గీతలు గీసి, "అన్నా, నేను మానలేదు" అన్నాడు. "నువ్వు మానేసి నిలబడ్డావు కదా, నేను మానలేదని ఎలా చెప్పను? అందరిముందూ మానేశానన్నాను. ఇంటికెళ్లి తాగేవాణ్ణి. నిన్ను చూస్తే నామీద నాకే అసహ్యమేసేది."

ఏలీయా ఆ మసక కళ్లతో అతని వైపు పక్కగా చూశాడు. "నిన్ను చూసేరా నేను చెప్పలేకపోయింది" అన్నాడు. సౌభాగ్యమ్మ లోపలికి వెళ్లి ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది.

దయానందం గారు చివరికి వచ్చారు. నీరసించి కనిపించారు. గుడివాడ సంగతి ఎత్తలేదు. లేవబోతూ, "ఆదివారం రండి. సాక్ష్యం అడగన్లే" అన్నారు.

వెళ్లారు. మునుపటి ముందు వరస చాప మీద వేరేవాళ్లున్నారు. సౌభాగ్యమ్మ వెనక గోడ వారన కూర్చుంది. పాటలయ్యాయి, ప్రార్థనయ్యింది. ఎవరూ పిలవకుండానే మగవాళ్ల వైపునుంచి ఏలీయా గోడ పట్టుకుని లేచాడు. దయానందం గారు బైబిలు మూసి చూస్తూ ఉండిపోయారు.

"నేను తాగుబోతునండి" అన్నాడు ఏలీయా.

ఆగాడు. సాక్ష్యం అందరికీ నోటికి వచ్చు కదా, మొదట్లోనే మాట తప్పిపోయిందని అందరికీ తెలిసిపోయింది. జబ్బు చేసి మరిచిపోయాడు కాబోలని బుల్లెమ్మకి జాలేసింది. "ఒకప్పుడు, ఏలీయా. ఒకప్పుడు" అని ఆడవాళ్ల వైపునుంచి మెల్లగా అందించింది.

"ఆ మాట తీసేశానక్కా" అన్నాడు. "నేను తాగుబోతుని. నిన్న తాగలేదు. ఇవాళ ఇంకా తాగలేదు. రేపటి సంగతి నాకు తెలీదండి."

అంతే. గోడ తడుముకుంటూ కూర్చున్నాడు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ మోకాళ్ల మీద పడలేదు. మాట లేని ఆ ఖాళీలో, వెనక గోడ దగ్గరనుంచి సౌభాగ్యమ్మ ఒక్కతే "స్తోత్రం" అంది.